ఎర్త్‌సీ ద్వీపాల పక్షులు: ఒక కల్పిత ప్రకృతికి శాస్త్ర పరీక్ష

లేని భూములను సృష్టించే స్వాతంత్ర్యము కవులకు, కథకులకు ఎప్పుడూ ఉన్నది. మన పురాణములు జంబూద్వీపము మొదలు పుష్కరద్వీపము వరకు ఏడు ద్వీపములను వర్ణించినవి. అక్కడ ఏ పిట్టలు ఎగురుతున్నవో జాబితా ఇమ్మని వాటిని అడిగినవారు లేరు, అడగనక్కరలేదు కూడా. అయితే ఆధునిక కథకుడు పటము గీసి, దీవికి దీవికి మధ్య దూరము చూపి, గాలులను, ఋతువులను, పంటలను, జంతువులను వివరముగా చెప్పినప్పుడు సంగతి వేరు. అట్టి లోకమును ప్రకృతి శాస్త్రము ప్రశ్నించవచ్చును. ఆ ప్రశ్నలు కథను కించపరచుటకు కాదు. ఊహ ఎంతవరకు నిజమును ఆశ్రయించినది, ఎక్కడ విడిచినది, విడుచుట వలన ఏమి పోగొట్టుకొన్నది అని తెలిసికొనుటకే.

ఇట్టి పరీక్షకు తగిన గ్రంథము అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ వ్రాసిన ఎర్త్‌సీ కథావళి. 1929లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టి 2018లో మరణించిన ఈమె, ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ కుమార్తె. కథావళిలో మొదటి నవల 1968లో వెలువడినది. 2001 నాటికి మొత్తము ఆరు సంపుటములైనవి. కథ కంటె ముందు ఆమె పటమును గీసికొన్నది. ఆ పటములో ఖండమనేది లేదు. విశాలమైన సముద్రము, దానిలో వందలకొలది దీవులు, ఇంతే ప్రపంచము. గాంట్ అనే పర్వత ద్వీపములో మేకలు కాచుకొనే ఒక బాలుడు మాంత్రికుడై, తన అహంకారము వలన లోకములోనికి విడిచిన ఒక ఛాయను వెంటాడి లోబరచుకొనుట మొదటి నవలలోని ఇతివృత్తము.

కథలో కనబడు పక్షులు

ఈ కథలో పక్షులు అలంకారము కొరకు వచ్చినవి కావు. నాయకుని వాడుక పేరే ఒక పక్షి పేరు. వేటపక్షుల అసలు పేర్లను తల్లి సోదరి వద్ద నేర్చుకొన్న బాలుడు పిలువగా, ఆకాశములో తిరుగు డేగలు దిగివచ్చి అతని చేతిపై వాలుతవి. అది చూచి తోటి పిల్లలు అతనికి ‘స్పారోహాక్’, అనగా పిచ్చుకలను వేటాడే చిన్న డేగ, అని పేరు పెట్టినారు. అతని అసలు పేరు గెడ్. దానిని గురువు ఒగియాన్ రహస్యముగా చెప్పినాడు.

మాంత్రిక విద్యాలయము గల రోక్ ద్వీపములో ముసలి ప్రధాన మాంత్రికుని వెంట ఒక రేవెన్, అనగా పెద్దకాకి, ఉంటుంది. అది ఉత్తరమున ఉన్న ఆస్కిల్ దీవికి చెందినది, అక్కడి మాటలనే పలుకుతుంది. ఆస్కిల్ కోటనుండి పారిపోవునప్పుడు గెడ్ డేగగా మారుతాడు. ఈసారి తన పేరింటి చిన్న డేగగా కాదు, యాత్రిక డేగగా. మన దేశములో బైరి డేగ అనబడునది ఇదే. దాని శాస్త్రీయ నామములోని లాటిన్ మాటకు యాత్రికుడని అర్థము. తూర్పుననున్న ఇఫిష్ దీవిలో హరెక్కి అనే బుల్లి డ్రాగన్ ఉన్నది. అది కందిరీగలను, పురుగులను, పిచ్చుక గుడ్లను తిని బ్రతుకుతుంది. అనగా ఇఫిష్‌లోను పిచ్చుకలున్నవన్న మాట.

డేగగా మారిన గెడ్ కథ ఈ నవలలో మిక్కిలి బలమైన ఘట్టము. చాలకాలము రెక్కలతో ఎగిరినందున అతడు మనిషి ఆలోచనను మరచిపోతాడు. ఆకలి, గాలి, ఎగురవలసిన దిక్కు, ఇవే మిగులుతవి. గురువు మణికట్టుపై వాలిన పిదప గాని అతనికి స్వరూపము రాదు. జంతుశాస్త్రము దీనిలో తప్పు పట్టవలసినది లేదు. పక్షి మనస్సు రెక్కలు తొడిగిన మనిషి మనస్సు కాదు. దాని కన్ను, కండరము, ఆహారము ఎట్టివో దాని మనస్సూ అట్టిదే. పిల్లల కథలలో పక్షులు మనుషులవలె మాటలాడుట మామూలు. ఇక్కడ మనిషే పక్షివలె మాటలు పోగొట్టుకొనుట గొప్ప విశేషము.

నిజమైన దీవుల సాక్ష్యము

అయినను, ఈ పక్షులను వరుసగా చూచిన ఉపాధ్యాయునికి ఒక అనుమానము కలుగక మానదు. డేగ, కాకి, పిచ్చుక: ఇవి యూరపులోనో, అమెరికాలోనో ఏ పల్లెటూరిలోనైనా కనబడు పక్షులు. వందల దీవుల లోకములో దీవికి మాత్రమే చెందిన పక్షి ఏది?

నిజమైన దీవులు ఈ విషయములో ఏమి చెప్పుచున్నవో చూడవలెను. దక్షిణ అమెరికా తీరమునుండి సుమారు 1,000 కిలోమీటర్ల దూరమున ఉన్న గలాపగోస్ దీవులలో ఫించ్ పిట్టలు పదిహేనుకు పైగా జాతులున్నవి. ఇవన్నియు ఒకే పూర్వపు జాతినుండి చీలినవి. కొన్ని గట్టి గింజలను పగులగొట్టును, కొన్ని పురుగులను ఏరుకొని తినును, మరికొన్ని జెముడు పూలను తినును. తిండిని బట్టి ముక్కు రూపము మారినది. ఈ మార్పు కంటికి కనబడునంత వేగముగా కూడ జరుగవచ్చునని పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు చూపినారు. 1973 నుండి వారు డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పిట్టలను పట్టి కొలిచి విడిచిపెట్టినారు. 1977లో వానలు లేక మెత్తని గింజలు కరవైనవి. ఒక జాతి ఫించ్‌లలో నూటికి సుమారు 85 చచ్చిపోయినవి. గట్టి గింజను పగులగొట్టగల లావు ముక్కు పిట్టలు ఎక్కువగా బ్రతికినవి, వాటి పిల్లలకూ ముక్కు లావుగానే వచ్చినది.

ఖండమునుండి సుమారు 3,800 కిలోమీటర్ల దూరాన ఉన్న హవాయి దీవులలో ఈ చీలిక ఇంకను విస్తారముగా జరిగినది. హనీక్రీపర్ అనే పిట్టలు ఒక్క ఫించ్ పూర్వికునినుండి 50కి పైగా జాతులైనవి. ఒకదాని ముక్కు చిలుక ముక్కు వలె, మరొకదానిది కొడవలి వలె, ఇంకొకదానిది తేనె పీల్చు గొట్టము వలె ఉండును.

దీవులు చేయు మరొక పని రెక్కలను తీసివేయుట. వేటాడు మృగము లేనిచోట ఎగురుట వృథా శ్రమ. అందువలన దీవులలో రైల్ జాతి నీటికోళ్లు, పావురములు, బాతులు మరల మరల ఎగురుట మానివేసినవి. మారిషస్‌లోని డోడో ఒక పావురమే. దానికి నేడు బ్రతికియున్న అతి దగ్గరి చుట్టము మన నికోబార్ పావురము. గలాపగోస్‌లో ఎగురలేని నీటికాకి ఒకటి ఉన్నది. అది ఫెర్నాండినా, ఇసబెలా అనే రెండు దీవుల తీరములలో తప్ప ప్రపంచములో మరెక్కడను లేదు. దూరమెందుకు? మన అండమాను సముద్రములోని నార్కొండం దీవి వైశాల్యము సుమారు 7 చదరపు కిలోమీటర్లే. ఆ దీవికే పరిమితమైన హార్న్‌బిల్ జాతి ఒకటి, పెద్ద ముక్కుతో, అక్కడి అడవిలో గూడు కట్టుచున్నది.

ఒక దీవిలో ఎన్ని జాతులుండవచ్చునో లెక్కకట్టు మార్గమును రాబర్ట్ మకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ 1967లో తమ గ్రంథములో చూపినారు. ఎర్త్‌సీ మొదటి నవలకు ఇది ఒక్క సంవత్సరము ముందు. క్రొత్తగా వచ్చి చేరు జాతులు ఒకవైపు, అంతరించు జాతులు మరొకవైపు. ఈ రెండును సరితూగినచోట సంఖ్య నిలుచును. దగ్గరి దీవికి రాకపోకలెక్కువ. పెద్ద దీవిలో నశించుట తక్కువ. ఈ లెక్క ప్రకారము ఎర్త్‌సీలో నడుమనున్న పెద్ద దీవి హావ్నోర్‌లో పక్షి జాతులు హెచ్చుగా ఉండవలెను. తూర్పు అంచుననున్న ఆస్టొవెల్‌లో కొద్ది జాతులే ఉండవలెను, అయితే వాటిలో మరెక్కడను లేనివి ఉండవలెను. నవల చదివినవారికి ఈ తేడా కనబడదు. ఏ దీవిలో దిగినను ఆకాశములో అవే రెక్కలు.

రచయిత్రి పక్షమున

న్యాయముగా చెప్పవలెనన్న రచయిత్రి పక్షమున కొన్ని మాటలున్నవి. ఆమె ప్రధాన పాత్రనిచ్చిన పక్షులు దూరము పోగల పక్షులే. బైరి డేగ అంటార్కిటికా తప్ప అన్ని ఖండములలోను, అనేక ద్వీపములలోను ఉన్నది. దానికి ఉపజాతులు పదిహేనుకు పైగా ఉన్నను, ఎక్కడ చూచినను అది బైరి డేగ అని గుర్తుపట్టవచ్చును. కనుక దీవినుండి దీవికి సముద్రము మీదుగా ఎగురుటకు బైరి డేగను ఎన్నుకొనుట ప్రకృతికి విరుద్ధము కాదు. ఆస్కిల్ కాకి పరదేశములో కూడ తన దేశపు మాటనే పలుకుట, పక్షికి స్వస్థలము ఉండునన్న ఎరుకను చూపుచున్నది.

రెండవది, ఎర్త్‌సీ పుట్టుక. సెగోయ్ అనే ఆదిశక్తి పేర్లు పలికి దీవులను సముద్రమునుండి పైకెత్తినట్లు అక్కడి సృష్టిగాథ. పరిణామము అక్కరలేని సృష్టి ఇది. కాని ఈ సమాధానము పూర్తిగా రక్షించదు. సముద్రమునుండి లేచిన దీవులు మన లోకములోను ఉన్నవి. గలాపగోస్, హవాయి అట్టివే. ఇట్టి దీవులలో గబ్బిలములు తప్ప నేలమీది క్షీరదములు సహజముగా దాదాపు ఉండవని, కప్పలు ఉండవని డార్విన్ 1859లోనే ఎత్తిచూపినాడు. కారణము స్పష్టము: ఉప్పునీటిని దాటగలవారే అక్కడికి చేరుదురు. అందుచేత అట్టి దీవులలో క్షీరదముల ఉద్యోగములను పక్షులు చేయుచుండును. ఎర్త్‌సీలోనో, మేకలున్నవి, ఎలుగుబంట్ల కథలున్నవి. అందువలన పక్షులకు ఖాళీ ఉద్యోగములు మిగులలేదు.

ఓటక్ చెప్పు సాక్ష్యము

రచయిత్రికి ఈ సూత్రము తెలియదనుటకు వీలులేదు. దానికి సాక్షి ఓటక్. ఇది గెడ్ పెంచుకొనిన చిన్న జంతువు. వెడల్పు ముఖము, పెద్ద మెరిసే కన్నులు, నునుపైన బొచ్చు, పదునైన పళ్లు, కోపస్వభావము కలది. గొంతు లేదు, అరవదు. ఇది రోక్, ఎన్స్‌మెర్, పోడి, వాథోర్ట్ అనే నాలుగు దక్షిణ దీవులలో మాత్రమే ఉండునని నవల చెప్పుచున్నది. నాలుగు దీవుల పేర్లు చెప్పిన ఆ ఒక్క వాక్యము ప్రకృతి శాస్త్రజ్ఞుడు వ్రాయవలసిన వాక్యము. గలాపగోస్‌లో ఎగురలేని నీటికాకికి రెండు దీవులు ఎట్లో, ఓటక్‌కు ఈ నాలుగు అట్లు. ఆ వాక్యము చదివినంతనే ఓటక్ నిజమనిపించుట యాదృచ్ఛికము కాదు. చోటు చెప్పిన జంతువు మనస్సులో నిలుచును.

మనుషుల విషయములోను ఆమె దీవి స్వభావమును మరువలేదు. కార్గ్ దేశపు వారి భాష వేరు, దేవతలు వేరు, ఒంటి రంగు వేరు. ఆస్కిల్ వారి భాష మరొకటి. నేల మీద కాలుపెట్టుట ఏడాదికి ఒక్కమారే గల తెప్పల ప్రజలు 1972లో వచ్చిన మూడవ నవలలో కనబడుదురు. దూరము మనుషులను ఎట్లు మార్చునో మానవశాస్త్రవేత్త బిడ్డ బాగుగా ఎరుగును. పక్షులకు మాత్రము ఆ దూరము వర్తించలేదు.

దీనికి కారణము కథాప్రయోజనములో ఉన్నది. ఈ నవలలో సముద్రము మనుషులను విడదీయును, పక్షి కలుపును. డేగ దూత, వాహనము, వేషము. దీవులను కలుపుటకు పుట్టిన పక్షి దీవికో విధముగా మారిపోయినచో కథకు అడ్డము. ఇది కళలో క్షమించదగిన ఎన్నిక. కాని ఆ ఎన్నికకు మూల్యము చెల్లింపబడినది. కథ హృదయములో ఉన్న రెండు భావములకు, పేరుకును సమతౌల్యమునకును, దీవి పక్షికంటె మంచి ఉదాహరణ లేదు. దానిని రచయిత్రి వాడుకొనలేదు.

పేరు, చోటు

ఎర్త్‌సీలో అసలు పేరు తెలిసినవానికే వస్తువుపై అధికారము. రోక్‌లో ఒక ఏకాంత గోపురమున కూర్చొని శిష్యులు ప్రతి అగ్రమునకు, ప్రతి అఖాతమునకు, ప్రతి మొక్కకు పేరు వల్లె వేయవలెను. పదవ తరగతి వృక్షశాస్త్రము చదువు విద్యార్థికి ఈ శిక్ష క్రొత్తది కాదు! శాస్త్రము కూడ పేరుతోనే మొదలగును.

అయితే పేరు ఒక్కటి చాలునా? 1835లో గలాపగోస్ చేరిన డార్విన్ అక్కడి చిన్న పిట్టలను వేర్వేరు కుటుంబముల పక్షులనుకొన్నాడు. వాటిలో చాలవాటికి ఏ దీవిలో పట్టినదో చీటీ కట్టలేదు. 1837 జనవరిలో లండనులో పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్ వాటిని పరీక్షించి, ఇవన్నియు ఒకే కూటమికి చెందిన ఫించ్‌లని తేల్చినాడు. అప్పుడు దీవుల పేర్లు కావలసివచ్చినవి. ఓడ అధిపతి ఫిట్జ్‌రాయ్ మొదలైనవారు చీటీలు కట్టి ఉంచిన పిట్టలు అక్కరకు వచ్చినవి. మాకింగ్‌బర్డ్ అనే పిట్టలను మాత్రము డార్విన్ దీవి పేరుతో గుర్తు పెట్టుకొన్నాడు. దీవికొక రకముగా ఉన్న అవే జాతులు మారునన్న ఆలోచనకు బీజము వేసినవి. పేరు ఇది ఏమిటో చెప్పును. చోటు ఇది ఎట్లు వచ్చినదో చెప్పును. రెండును కలిసినప్పుడే విజ్ఞానము. ఎర్త్‌సీ మాంత్రికులు మొదటి సగము నేర్చినారు. రెండవ సగము ఓటక్ విషయమున మాత్రమే నేర్చినారు.

సమతౌల్యము

ఆ గురువులు శిష్యులకు చేయు ముఖ్యమైన హెచ్చరిక లోకపు తూకమును గూర్చినది. ఒక గులకరాతిని నిజముగా మార్చినను లోకము మారును, ఫలితము తెలియక చేయరాదు అని దాని సారాంశము. నిజమైన దీవులలో ఈ హెచ్చరికకు సాక్ష్యములు కోకొల్లలు. న్యూజిలాండ్ దగ్గర స్టీఫెన్స్ అనే చిన్న దీవిలో 1894లో దీపస్తంభము వెలిగినది. మనుషులతోపాటు పిల్లులు చేరినవి. ఎగురలేని ఒక చిన్న పిట్ట అక్కడ మిగిలియుండెను. కొద్ది సంవత్సరములలో అది లేదు. హవాయికి 1826లో ఓడలతోపాటు దోమలు చేరినవి. తరువాత పక్షులకు వచ్చు మలేరియా వ్యాపించినది. నేడు హనీక్రీపర్లలో మిగిలినవి ఇరవైకి లోపు. డోడోను చివరిసారి చూచినట్లు నమ్మదగిన ఆధారము 1662 నాటిది. 1500 తరువాత నశించిన పక్షి జాతులలో నూటికి సుమారు 90 దీవుల పక్షులే.

తూకము అనగా కదలకుండుట అని విద్యార్థులు పొరపడరాదు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతము పేలి అక్కడి జీవములన్నిటిని మాపినది. 1908 నాటికి ప్రధాన దీవికి 13 జాతుల నేలపక్షులు తిరిగి చేరినవి. 1919-21లో అవి 27. 1932-34లో కూడ 27. కాని అవే 27 కావు. ఈ నడుమ ఐదు పోయినవి, ఐదు క్రొత్తవి వచ్చినవి. సంఖ్య నిలిచినది, సభ్యులు మారినారు. ఎర్త్‌సీ గురువులు చెప్పు తూకము నిశ్చలమైన త్రాసు వంటిది. క్రకటోవా చూపు తూకము ఒకవైపు నీరు వచ్చి మరొకవైపు పోవు చెరువు వంటిది. చెరువు మట్టము మారకపోయినను నీరు మారుచుండును. ఈ భేదము గ్రహించిన పాఠకునికి నవల అందము తగ్గదు, దాని ప్రశ్న ఇంకను లోతుగా వినబడును.

కాగా ఒక దీవిలో మాత్రమే నివసించు పక్షి నశించినచో బయటనుండి మరల వచ్చుటకు మరొకచోట ఆ పక్షి లేదు. గెడ్ విడిచిన ఛాయను తిరిగి పట్టుకొనవచ్చును. స్టీఫెన్స్ దీవి పిట్టను తిరిగి తేలేము. ఎర్త్‌సీలో ఎగురలేని పక్షి ఒక్కటి ఉండి, ఒక శిష్యుని అజాగ్రత్త వలన అది అంతరించినట్లు ఒక్క పుటలో చెప్పినను, గురువుల హెచ్చరిక బాలపాఠకునికి మాటగా గాక దెబ్బగా తగిలి ఉండును.

తరగతి గదిలో

ఈ గ్రంథమును బడిలో చదివించవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానము తడుముకొనకుండ అవుననియే. మాయలున్నవని కథలను దూరముంచు శాస్త్రోపాధ్యాయుడు మంచి సాధనమును పోగొట్టుకొనును. కల్పిత దీవి పటము నిజమైన దీవిపటము కంటె ఒక విధముగా మేలు. దానికి జవాబు పుస్తకములో ఉండదు, విద్యార్థియే ఊహించి హేతువు చెప్పవలెను. నల్లబల్లపై ఒక పెద్ద దీవి, దాని చెంత రెండు చిన్నవి, దూరమున ఒంటరిగా ఒకటి గీసి, ఎక్కడ ఎక్కువ జాతులుండును, ఎక్కడ వింత జాతులుండును, ఏ పక్షి ఎగురుట మానును, ఒక ఓడలో పది ఎలుకలు దిగినచో మొదట ఏది పోవును అని అడిగిన చాలును. పిమ్మట అండమాన్ నికోబార్ పటమును తెరచి నార్కొండం ఎక్కడున్నదో వెదకుమనవలెను. కల్పననుండి నిజమునకు వచ్చిన విద్యార్థి, మన సముద్రములోని ఆ చిన్న చుక్కను ఇకమీదట చుక్కగా చూడడు.

లెగ్విన్ కథ పక్షి మనస్సును లోపలినుండి చూచినది, పేరు విలువను గ్రహించినది, తూకము భంగమైనచో కలుగు భయమును నేర్పినది. పక్షికి దీవినిచ్చుట ఒక్కటే మరచినది. ఆ ఒక్క లోపమును గుర్తించుటకు పాఠకునికి ఇంత పక్షిశాస్త్రము కావలసివచ్చుట ఆ లోకము ఎంత నమ్మదగినట్లు కట్టబడినదో తెలుపుచున్నది. బలహీనమైన కల్పనను ఎవరును పటము ముందుంచుకొని ప్రశ్నించరు.